ఒక్కసారే చదవగల మట్టి: రోమన్ కోటలో తాపీ పట్టిన వాలంటీర్లు

2014 వేసవిలో ఇంగ్లండ్ ఉత్తర కొసన, నార్తంబర్లాండ్‌లోని విందోలాండా రోమన్ కోటలో ఒక వాలంటీరు తాపీతో మట్టి గీస్తుండగా బంగారు నాణెం బయటపడింది. దాని మీద నీరో చక్రవర్తి బొమ్మ. క్రీ.శ. 64-65లో ముద్రించిన నాణెం. అక్కడ 40 ఏళ్లకు పైగా తవ్వకాలు సాగుతున్నా అంతవరకు ఒక్క బంగారు నాణెమైనా దొరకలేదు.

వార్తలన్నీ బంగారం గురించే వచ్చాయి. నా దృష్టిలో అసలు విశేషం నాణెం దొరికిన పొర. ఆ పొర 4వ శతాబ్దానిది. అంటే నాణెం దాదాపు 300 ఏళ్లు చేతులు మారి, చివరికి అక్కడ ఎవరి చేతిలోంచో జారిపోయిందన్నమాట. విందోలాండాలో మొదటి కోట కట్టిందే క్రీ.శ. 85 ప్రాంతంలో. నీరో అప్పటికే చనిపోయి పదిహేడేళ్లు. నాణెం ఒక్కటే మన చేతికి వచ్చి, ఏ లోతులో ఏ మట్టిలో దొరికిందో చెప్పేవారు లేకపోతే, నీరో కాలం నుంచే అక్కడ సైన్యం ఉందేమోనని పొరబడే వీలుంది. ఆ పొరపాటు జరగకుండా కాపాడింది మట్టి పొర, ఆ పొరను నమోదు చేసిన పద్ధతి.

ఇక్కడే చాలామందికి ఒక సందేహం వస్తుంది. ఇంత సున్నితమైన పనిని రిటైరైన టీచర్లకు, సెలవు పెట్టి వచ్చిన ఉద్యోగులకు, పదహారేళ్లు నిండిన విద్యార్థులకు ఎలా అప్పగిస్తారు? పైగా విందోలాండాలో వాలంటీర్లు రుసుము చెల్లించి మరీ పనికి వస్తారు. ప్రయాణం, బస సొంత ఖర్చే. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సాగే తవ్వకాల్లో చోటు కోసం ముందు ఏడాదే నమోదు చేసుకోవాలి. ఆ చోట్లు ఇట్టే నిండిపోతాయి. వృత్తి నిపుణులు చేయాల్సిన పనిని డబ్బు తీసుకుని ఔత్సాహికుల చేతిలో పెడుతున్నారా? ఈ ప్రశ్నను పక్కకు నెట్టకుండా విప్పి చూడాలి.

తవ్వడం అంటే చెరిపేయడమే

పాత ఇంటి గోడను గీకిన అనుభవం చాలామందికి ఉంటుంది. ఏటా సంక్రాంతికి వేసిన సున్నం పూతలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. పైన తెలుపు, దాని కింద నీలం, ఇంకా కింద ఎప్పటిదో పసుపు. కింది రంగు చూడాలంటే పై పూత రాలిపోవాల్సిందే. రాలిన పూతను మళ్లీ అతికించలేం.

పురాతన స్థలంలో నేల కూడా అంతే. ఒకరు గొయ్యి తవ్వారు, మరొకరు దాన్ని చెత్తతో నింపారు, ఇంకొకరు దాని మీద నాపరాళ్లు పరిచారు. ప్రతి పనికీ మట్టిలో ఒక గుర్తు మిగులుతుంది. అలా వేరుచేసి గుర్తించగల ఒక్కో సంఘటనను తవ్వకందారులు ‘కాంటెక్స్ట్’ అంటారు. గొయ్యి తవ్వడం ఒకటి, ఆ గోతిని నింపిన మట్టి మరొకటి. ప్రతిదానికీ ఒక సంఖ్య ఇచ్చి, రంగు, గట్టిదనం, అందులోని రాళ్లు, బొగ్గు, కొలతలు రాసి, బొమ్మ గీసి, ఫోటో తీసి ఆ తర్వాతే తీసేస్తారు. చివరిగా జరిగినదాన్ని మొదట, మొదట జరిగినదాన్ని చివర తీయాలి. ఈ వరుస తప్పితే కాలక్రమమే తప్పుతుంది.

గుంజ పాతిన గుంతను తీసుకోండి. చెక్క ఇంటికి పాతిన గుంజ ఎప్పుడో కుళ్లిపోయింది. మిగిలింది పసుపు రంగు బంకమట్టిలో అన్నం పళ్లెమంత నల్లటి వలయం. ఎండకు నేల ఆరితే అది కంటికి ఆనదు. అందుకే కొద్దిగా నీళ్లు చిలకరిస్తారు, రంగు తేలుతుంది. కొత్తగా వచ్చినవారికి మొత్తం మట్టి తోడేయాలని చేతులు ఉవ్విళ్లూరతాయి. కానీ ముందు సగమే తవ్వుతారు. మధ్యలో నిట్టనిలువుగా నిలిచిన కోతలో, గుంజ నిలబడిన చోట ఒక రంగు, దాన్ని బిగించడానికి చుట్టూ కూరిన మట్టి మరో రంగు కనిపిస్తాయి. దాన్ని గీసుకున్నాకే మిగతా సగం. ఆ బొమ్మ ఒక్కటే ఇంటికి సాక్ష్యం. గుంజ లేదు, గోడ లేదు, ఇప్పుడు గుంత కూడా లేదు.

మట్టి రంగు తేడాను ఇలా చదివే కళ్లు లేకపోతే ఏమవుతుందో సిల్చెస్టర్ చెబుతుంది. దక్షిణ ఇంగ్లండ్‌లోని ఈ రోమన్ నగరాన్ని 1890 నుంచి 1909 దాకా కూలీలతో తవ్వించారు. రాతి గోడలను వెతుక్కుంటూ వెళ్లి, వాటి ప్లాను గీసి, మట్టి కప్పేశారు. నగరం మొత్తం పటం వచ్చింది, అది గొప్ప సంగతే. అయితే చెక్క ఇళ్లు వారికి కనిపించనే లేదు. 1997లో రెడింగ్ విశ్వవిద్యాలయం మైకేల్ ఫుల్‌ఫోర్డ్ నాయకత్వంలో అదే నగరంలో 1893లో తవ్విన ఒక పేటను మళ్లీ తెరిచింది. పని 2014 దాకా, 18 వేసవులు సాగింది. ఖాళీ స్థలాలుగా పటంలో తెల్లగా ఉన్న చోట్ల చెక్క ఇళ్లు, బావులు, వాటి కింద రోమన్ల రాకకు ముందరి ఇనుప యుగపు వీధులు బయటపడ్డాయి. ఆలివ్ గింజ, కొత్తిమీర, సెలెరీ కూడా దొరికాయి, రోమన్లు రాకముందే మధ్యధరా రుచులు అక్కడికి చేరాయనడానికి ఆధారంగా. ఈ రెండోసారి మట్టి గీసినవారిలో అత్యధికులు విద్యార్థులు, వాలంటీర్లు. మొదటిసారి తవ్విన కూలీలకు పలుగు పార పట్టడం వీరికంటే బాగా తెలుసు. నేలను చదివే పద్ధతి మాత్రం అప్పటికి పుట్టలేదు.

కనుక చేతి అనుభవం ఒక్కటే కొలబద్ద కాదు. ఆ చేతి పక్కన ఎవరు నిలబడ్డారు, ఎప్పుడు ఆగమంటారు, ఆగినప్పుడు ఏం రాస్తారు అన్నది తేల్చే విషయం.

రెండు వారాల పని ఎలా ఉంటుంది

విందోలాండాలో ఒక విడత సాధారణంగా రెండు వారాలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా. పురావస్తు నిపుణులు కొద్దిమంది ఉంటారు. ఎక్కడ తవ్వాలో, ఎంత లోతుకు వెళ్లాలో, పొర ఎక్కడ మారిందో నిర్ణయించేది వారే. వాలంటీరు తాపీతో పైమట్టిని పలచగా గీసుకుంటూ వెనక్కి జరుగుతాడు, శుభ్రం చేసిన నేల మీద తన మోకాలు పడకుండా. మట్టిని బకెట్లోకి ఎత్తి, తోపుడు బండిలో గుట్ట దగ్గరికి చేర్చాలి. దొరికిన పెంకులు, ఎముకలు ఆ పొర సంఖ్య రాసిన ట్రేలోకి వెళ్లాలి. పక్క ట్రేలో పడితే పెంకు విలువ సగానికి సగం పోయినట్టే. ఒక రోజు పళ్లు తోమే బ్రష్‌తో పెంకులు కడగడంలోనే గడిచిపోవచ్చు.

తాపీ అంచు రాయికి తగిలితే ఒక చప్పుడు, కుండ పెంకుకు తగిలితే మరొకటి. నాలుగైదు రోజులకు చెవి ఆ తేడా పట్టేస్తుంది. ఎర్రగా నిగనిగలాడే పెంకు కనిపిస్తే అందరూ తొంగి చూస్తారు. గాల్ దేశంలో, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతంలో, తయారైన సేమియన్ అనే పాత్రలవి. కుమ్మరి పేరు ముద్ర ఉంటే ఆ పొర కాలాన్ని కొన్ని పదుల ఏళ్ల లోపు నిర్ణయించవచ్చు.

‘కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు’ అంటాం కదా, వృథా శ్రమకు. రోమన్ తవ్వకాల్లో ఎలుక ఎముక దొరకడం నిజంగా సంబరం. నల్ల ఎలుక బ్రిటన్‌కు చేరింది రోమన్ల కాలంలోనే. రోమన్ పాలన కూలాక అది దాదాపు కనుమరుగై, మధ్యయుగాల్లో మళ్లీ వచ్చినట్టు ఎముకల డీఎన్‌ఏ చెబుతోంది. గోదాముల్లో ధాన్యం, ఓడల్లో సరుకు నిలకడగా కదులుతుంటేనే ఆ ఎలుక బతుకుతుంది. అంటే ఒక చిన్న ఎముక వ్యాపారపు నాడి చూపిస్తుంది. అది కంటికి కనిపించేది కాదు. మట్టిని జల్లెడ పట్టాలి, ఇంకొంత మట్టిని నీళ్లలో కలిపి తేలివచ్చిన, బొగ్గుగా మారిన గింజలను ఒడిసిపట్టాలి. గంటలకు గంటలు పట్టే పని. చాలా చేతులు కావాలి. జీతాలిచ్చి ఇన్ని చేతులు పెట్టగలిగిన తవ్వకాలు తక్కువ.

విందోలాండాలో ఓపిక మరీ ఎక్కువ కావాలి. అక్కడ కనీసం తొమ్మిది కోటలు ఒకదాని మీద ఒకటి కట్టారు. ప్రతిసారీ పాత చెక్క కట్టడాలను పడగొట్టి, పైన బంకమట్టి, పచ్చికగడ్డలు పరిచి కొత్తది మొదలుపెట్టారు. కింద గాలి ఆడకుండా మూత పడింది. మామూలుగా కుళ్లిపోయే తోలు, చెక్క, బట్ట అక్కడ నిలిచాయి. ఒక్క పాదరక్షలే 5,000కు పైగా దొరికాయి, పిల్లలవి సహా. కోటలో సైనికులే ఉండేవారనుకున్న పాత ఊహను ఆ చిన్న చెప్పులే సడలించాయి.

1973 మార్చిలో పురావస్తు నిపుణుడు రాబిన్ బర్లీకి అక్కడ దొరికిన రెండు పల్చటి చెక్క పేళ్లు మొదట రంపపు చెత్తలా అనిపించాయి. ఒకదాన్నొకటి అంటుకున్న వాటిని విడదీస్తే లోపల సిరాతో రాత. గాలి తగిలాక ఆ రాత చూస్తుండగానే మసకబారింది. పరారుణ కిరణాల ఫోటోలతో తిరిగి చదవగలిగారు. ఆ మొదటి ఉత్తరంలో ఎవరో సైనికుడికి మేజోళ్లు, చెప్పులు, లోదుస్తులు పంపిన సంగతి ఉంది. తర్వాత అలాంటి పలకలు వందల్లో వచ్చాయి. క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే ఆమె తన స్నేహితురాలు సుల్పీసియా లెపిడీనాను సెప్టెంబరు 11న పుట్టినరోజుకు రమ్మని పిలిచిన ఉత్తరం వాటిలో ఒకటి. చాలాభాగం లేఖకుడు రాశాడు, చివరి పంక్తులు ఆమె స్వయంగా రాసింది. ఒక స్త్రీ చేతిరాతగా మనకు మిగిలిన లాటిన్‌లో అతి పురాతనమైన వాటిలో అదొకటి. మన తాటాకు కంటే పల్చని చెక్క అది. బకెట్లో బురదతో పాటు పోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. అందుకే ఆ లోతుల్లో వాలంటీరు పక్కనే నిపుణుల కన్ను ఉంటుంది, తడి మట్టి నుంచి వచ్చిన ప్రతి పేడునూ కడిగి చూసేదాకా పారేయరు.

కాగితాల కొండ

చేతులు పెరిగితే తవ్వకం వేగం పెరుగుతుంది. కొత్త చిక్కు అక్కడే మొదలవుతుంది. ఇంగ్లండ్‌లోని వించెస్టర్ నగరంలో 1961 నుంచి 1971 దాకా మార్టిన్ బిడిల్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. రోమన్ నగరం మీద సాక్సన్, మధ్యయుగ నగరాలు పేరుకున్న చోటు అది. అనేక దేశాల నుంచి విద్యార్థులు, వాలంటీర్లు వచ్చారు. వేల పొరలు, వాటికి వేల కాగితాలు. 1973లో ఆ రికార్డులతో కుస్తీ పడుతూ ఎడ్వర్డ్ హారిస్ ఒక పటం పద్ధతి కనిపెట్టాడు. ప్రతి పొరను ఒక చిన్న గడిగా రాసి, ఏది దేనికి ముందు, ఏది తర్వాత అని గీతలతో కలపడం, మన వంశవృక్షంలాగే. నేడు ప్రపంచమంతా ‘హారిస్ మ్యాట్రిక్స్’ పేరుతో వాడే పద్ధతి ఇదే. ఎందరో తవ్విన దానిని ఒకే కథగా కూర్చాల్సిన అవసరమే దానికి తల్లి.

వేసవిలో తవ్విన దానికి ఆ తర్వాతి పని ఏళ్ల తరబడి ఉంటుంది. తడి చెక్కను ఆరబెడితే ముడుచుకుపోతుంది, రసాయన ద్రావణంలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు నానబెట్టాలి. పెంకులను చదవాలి, నివేదిక రాయాలి. బయట ఉత్సాహంగా పనిచేసే యాభై మంది కంటే లోపల బల్ల ముందు కూర్చునే ఇద్దరికి జీతం దొరకడమే కష్టం. నివేదిక రాని తవ్వకం దొంగతనంతో సమానమని నా అభిప్రాయం. స్థలమూ పోయింది, సమాచారమూ రాలేదు. వాలంటీరుగా వెళ్లాలనుకునే ఎవరైనా మొదట అడగాల్సింది బస గురించి కాదు, ఇంతకుముందు తవ్విన వాటి నివేదికలు వచ్చాయా అని.

డబ్బు, న్యాయం

ఇంగ్లండ్‌లో 1990 నుంచి ప్రణాళికా నిబంధనల ప్రకారం, నిర్మాణం వల్ల పురాతన అవశేషాలకు నష్టం కలిగే చోట తవ్వకం ఖర్చు నిర్మాణదారు భరించడం ఆనవాయితీ అయింది. అక్కడి తవ్వకాల్లో అత్యధికం ఇప్పుడు అవే, చేసేది జీతం తీసుకునే నిపుణులు. రోడ్డు, రైలు మార్గం, అపార్టుమెంటు వచ్చే ముందు గడువులోగా ముగించాలి కనుక అక్కడ కొత్తవారికి నేర్పే తీరిక తక్కువ. విందోలాండా, సిల్చెస్టర్ లాంటివి మరో కోవకు చెందినవి. వాటిని నిర్మాణం తరుముకు రావడం లేదు. అక్కడి తవ్వకం పరిశోధన ప్రశ్నలకు జవాబు కోసం. 1970లో ఏర్పడిన విందోలాండా ట్రస్టు స్వతంత్ర సంస్థ. మ్యూజియం చూడటానికి వచ్చేవారి టికెట్లు, వాలంటీర్ల రుసుములు లేకపోతే తవ్వకం ఏటా సాగదు.

అయినా అభ్యంతరం పూర్తిగా తీరదు. రుసుము, రెండు వారాల సెలవు, ప్రయాణ ఖర్చు భరించగలిగినవారే రాగలరు. పురావస్తు చదువు చదివే పేద విద్యార్థికి నేర్చుకోవడానికి డబ్బు కట్టాలి, బయటికొచ్చాక తక్కువ జీతం దొరుకుతుంది. ఈ రంగం గురించి ప్రేమగా మాట్లాడేవారు ఈ మాట కూడా చెప్పాలి. నా మటుకు నేను గీసే గీత ఇది: నేర్పడం, నమోదు, నివేదిక నిజంగా జరుగుతున్న చోట రుసుము చదువుకు చెల్లించే ఫీజు లాంటిది. జీతమిచ్చి చేయించాల్సిన గడువు పనిని ఉచిత చేతులతో నెట్టుకొచ్చే చోట అది దోపిడీ.

వెరులామియం నుంచి అరికమేడు దాకా

ఈ పద్ధతికీ మన నేలకూ సూటి బంధం ఉంది. 1930 నుంచి 1933 దాకా పురావస్తు నిపుణులైన మోర్టిమర్ వీలర్, టెస్సా వీలర్ దంపతులు లండన్‌కు ఉత్తరాన ఉన్న రోమన్ నగరం వెరులామియంను విద్యార్థులు, వాలంటీర్లతో తవ్వారు. విద్యార్థులకు దగ్గరుండి నేర్పడంలో టెస్సాది పెద్ద చేయి. తర్వాత పురావస్తు నిపుణురాలిగా పేరు మోసిన క్యాథలీన్ కెన్యన్ అక్కడ శిక్షణ పొందినదే. నేలను చదరపు గడులుగా విభజించి, గడుల మధ్య తవ్వని మట్టి గోడలు వదిలి, ఆ గోడల్లో పొరలను ఎప్పటికప్పుడు సరిచూసుకునే పద్ధతి అలా పదునెక్కింది.

1944లో వీలర్ భారత పురావస్తు సర్వేక్షణ శాఖ డైరెక్టర్ జనరల్‌గా వచ్చి, ఆ ఏడాదే తక్షశిలలో శిక్షణ తవ్వకం పెట్టాడు. బి.బి. లాల్, బి.కె. థాపర్ వంటి పురావస్తు నిపుణులు అక్కడ నేర్చుకున్నవారే. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో తవ్వితే ఇటలీలో తయారైన అరెజ్జో పాత్రల పెంకులు, కుమ్మరి ముద్రలతో సహా దొరికాయి. వాటి కాలం యూరప్‌లో తెలుసు. వాటితో కలిసి దొరికిన, లోపల చుక్కల వలయాలున్న నునుపైన పళ్లేల కాలం దాన్ని బట్టి లెక్కగట్టారు. అలాంటి పళ్లేల పెంకులు మన అమరావతిలో, శాలిహుండంలో కూడా దొరికాయి. వెరులామియం మట్టిలో విద్యార్థులు నేర్చిన పొరల పాఠం ఇలా కృష్ణా తీరపు కాలనిర్ణయం దాకా వచ్చింది.

ఆ లెక్క తర్వాత మారింది. పురావస్తు పరిశోధకురాలు విమలా బెగ్లీ, వీలర్ రికార్డులను తిరిగి పరిశీలించి, ఆ పళ్లేలు రోమన్ వర్తకానికి ముందే, క్రీస్తుపూర్వ కాలంలోనే మొదలయ్యాయని 1980లలో వాదించారు. పొరల బొమ్మలు, సంఖ్యలు కాగితం మీద ఉన్నాయి కనుక తవ్వినవాడి తీర్పును ఆమె ప్రశ్నించగలిగారు.

ఇప్పుడు దీన్ని నల్గొండ జిల్లా అక్కెనపల్లి లాంటి చోట్ల దొరికిన రోమన్ వెండి నాణేల రాశుల పక్కన పెట్టి చూడండి. దక్షిణాదిలో ఇలాంటి రాశులు ఎక్కువగా పొలం దున్నుతుంటేనో, పునాది తీస్తుంటేనో బయటపడినవే. నాణెం మీద అగస్టస్, టైబీరియస్‌ల ముఖాలు స్పష్టంగా ఉంటాయి. కుండలో ఎవరు దాచారు, ఇంటి నేలలోనా, గుడి పక్కనా, దారి వారా, ముద్రించిన ఎన్నేళ్లకు? వీటికి జవాబు ఉన్నది చుట్టూ ఉన్న మట్టిలో. ఆ మట్టి నాగలికి తిరగబడిపోయింది.

మన దగ్గర తవ్వకాల్లో పార పట్టేది సాధారణంగా చుట్టుపక్కల ఊళ్ల కూలీలు, గడిని పర్యవేక్షించి రాసుకునేది పరిశోధక విద్యార్థులు, అధికారులు. ఏళ్ల తరబడి పనిచేసిన కూలీ చేయి మట్టి మార్పును ఎవరికంటే ముందు పసిగడుతుంది. ఆ చేతికీ రాత పుస్తకానికీ మధ్య దూరం తగ్గించడం మనం బయటి నుంచి నేర్చుకోవాల్సినది, రుసుము పద్ధతి కాదు.

తవ్వకుండా వదిలేస్తే?

విందోలాండాలో ఇప్పటికి తవ్వింది దాదాపు నాలుగో వంతే. మిగతాది మెరుగైన పరికరాలతో వచ్చే తరాలవారికి వదిలేయాలన్నది చాలాకాలంగా ఈ రంగంలో అందరూ ఒప్పుకునే నియమం. భూమిలో ఉన్నంతసేపు భద్రం అనే నమ్మకం దాని వెనుక ఉంది. దగ్గరలోనే ఉన్న మాగ్నా కోటలో ఆ నమ్మకం సడలుతోంది. వాతావరణం మారి, పూర్తిగా కుళ్లని మొక్కల అవశేషాలతో ఏర్పడి తడిగా ఉండే పీట్ నేల ఎండి పగుళ్లిస్తోంది. గాలి లోపలికి చేరితే 1,900 ఏళ్లు నిలిచిన తోలు, చెక్క కుళ్లిపోవడం మొదలవుతుంది. అందుకే 2023లో అక్కడ అయిదేళ్ల తవ్వకం ప్రారంభించారు. అక్కడా మట్టి గీస్తున్నది ఎక్కువగా వాలంటీర్లే. 2025లో ఆ కోట కందకాల్లో మామూలు కొలతలకు మించిన పెద్ద చెప్పులు దొరికాయి, కొన్ని 30 సెంటీమీటర్లు దాటినవి.

శిక్షణ తవ్వకాల్లో విద్యార్థి నింపే కాంటెక్స్ట్ కాగితం ఒక పేజీ. పైన సంఖ్య. కింద మట్టి రంగు, గట్టిదనం, దీని పైన ఏముంది, కింద ఏముంది. పక్కన చిన్న బొమ్మ. ‘తేలికగా గుర్తించగలిగిన అంచు’, ‘అంచు స్పష్టంగా లేదు’ అని నిజాయితీగా రాయాల్సిన గడి ఒకటి. అడుగున తవ్వినవారి పొడి అక్షరాలు, తేదీ. గోరు సందుల మట్టితో కాగితం అంచు మరకపడి ఉంటుంది. కాగితం నింపాక పర్యవేక్షకుడు ఒకసారి చూసి సంతకం చేస్తాడు, విద్యార్థి కిందికి వంగి ఆ పొరను తీసేయడం మొదలుపెడతాడు.